రక్తం గడ్డకట్టనివ్వని మందులు – శస్త్రచికిత్స



ఈ రోజు పాఠాన్ని ఒక ఇంట్లో జరిగే సంభాషణతో మొదలుపెడదాం. ఆ ఇంట్లో డెబ్బై ఏళ్ల తాతగారు ఉన్నారనుకోండి. ఆయన గుండె లయ తప్పి కొట్టుకుంటోంది. దానికి డాక్టరుగారు నాలుగేళ్ల క్రితం ఒక మందు రాశారు. ఇంట్లో అందరూ దాన్ని "రక్తం పలచబడే బిళ్ల" అంటారు. ఇప్పుడు తాతగారికి హెర్నియా వచ్చింది. వచ్చే సోమవారం ఆపరేషను. పక్కింటాయన వచ్చి, "ఆ బిళ్ల వేసుకుంటూ కోత పెట్టించుకుంటే నెత్తురు ఆగదండీ, ఇవాళే మానేయండి" అన్నారు. తాతగారి చెల్లెలు, "మానేస్తే పక్షవాతం వస్తుందట అన్నయ్యా, ఒక్క పూట కూడా మానొద్దు" అంది. ఇద్దరిలో ఎవరి మాట నిజం?

ఇద్దరి మాటా నిజమే. చిక్కంతా అక్కడే ఉంది. మందు ఆపితే ఒక ప్రమాదం, ఆపకపోతే మరొక ప్రమాదం. ఈ రెండింటి మధ్య వైద్యులు దారి ఎలా వెతుకుతారో, అందులో మీ పాత్ర ఏమిటో ఈ పాఠంలో తెలుసుకుందాం.

రక్తం ఎలా గడ్డకడుతుంది?

మీరు హైస్కూలు జీవశాస్త్రంలో చదువుకున్న విషయాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. చర్మం తెగిన చోట ముందుగా రక్తఫలకికలు, అంటే ప్లేట్‌లెట్లు, చేరి ఒకదానికొకటి అతుక్కుని చిన్న బిరడాలా ఏర్పడతాయి. తరువాత రక్తంలోని కొన్ని ప్రోటీన్లు ఒకదాని వెంట ఒకటి మేల్కొంటాయి. చివరకు ప్రోత్రాంబిన్ త్రాంబిన్‌గా మారుతుంది. ఆ త్రాంబిన్ ఫైబ్రినోజెన్‌ను ఫైబ్రిన్ దారాలుగా మారుస్తుంది. ఆ దారాల వలలో రక్తకణాలు చిక్కుకుంటాయి. అదే రక్తపు గడ్డ.

ఈ ప్రోటీన్లను గడ్డకట్టే కారకాలు అంటారు. వీటిలో 2, 7, 9, 10 సంఖ్యలు గల నాలుగు కారకాలు కాలేయంలో తయారవుతాయి. అవి సరిగా తయారు కావాలంటే కె విటమిన్ కావాలి. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. తరువాత దీనితో పని ఉంది.

గాయం తగిలినప్పుడు గడ్డకట్టడం మనకు రక్ష. అదే గడ్డ గాయం లేని చోట, రక్తనాళం లోపల ఏర్పడితే ప్రాణాపాయం. ఇలా ఎందుకు జరుగుతుందో చెప్పడానికి నేటికీ జర్మన్ శాస్త్రవేత్త రుడాల్ఫ్ విర్కో పేరుతో మూడు కారణాలు చెబుతారు. రక్తం కదలకుండా నిలిచిపోవడం ఒకటి. రక్తనాళం గోడ దెబ్బతినడం రెండవది. రక్తానికే గడ్డకట్టే గుణం పెరగడం మూడవది.

మన తాతగారి గుండె సంగతి చూడండి. గుండె పై గదులైన కర్ణికలు లయగా ముడుచుకోకుండా వణుకుతున్నట్లు కదులుతాయి. దీన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. అప్పుడు ఆ గదిలో ఒక మూల రక్తం నిలిచిపోయి గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ ఊడి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. ఈ జబ్బు ఉన్నవారికి పక్షవాతం వచ్చే అవకాశం ఇతరులకన్నా సుమారు 5 రెట్లు ఎక్కువ. తాతగారికి బిళ్ల రాసింది ఇందుకే.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకుందాం. చిక్కటి మజ్జిగలో నీళ్లు పోసి పలుచన చేసినట్లు ఈ మందులు రక్తాన్ని పలుచన చేయవు. రక్తం చిక్కదనం అలాగే ఉంటుంది. గడ్డకట్టే పనిని మాత్రమే ఇవి నెమ్మదింపజేస్తాయి.

ఈ మందులు ఎలా వచ్చాయి?

1916లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థి ఉండేవాడు. అతడు ప్రొఫెసర్ విలియం హోవెల్ ప్రయోగశాలలో పనిచేస్తూ రక్తాన్ని గడ్డకట్టించే పదార్థం కోసం జంతువుల అవయవాలను పరీక్షిస్తున్నాడు. కాలేయం నుంచి తీసిన పదార్థం దానికి సరిగ్గా వ్యతిరేకమైన పని చేసింది. రక్తాన్ని గడ్డకట్టనివ్వలేదు. అనుకున్న ఫలితం రాలేదని అతడు దాన్ని పారవేయలేదు. గ్రీకు భాషలో కాలేయానికి ఉన్న పేరును బట్టి హోవెల్ తరువాత ఇలాంటి పదార్థానికి హెపారిన్ అని పేరు పెట్టాడు. దీన్ని ఇంజెక్షనుగానే ఇస్తారు. వెంటనే పనిచేస్తుంది, త్వరగానే ప్రభావం తగ్గిపోతుంది.

రెండవ కథ పశువుల కొట్టంలో మొదలైంది. 1920లలో కెనడాలోను, అమెరికా ఉత్తర ప్రాంతాలలోను పశువులు రక్తస్రావంతో చనిపోసాగాయి. కొమ్ములు కోసినా, కోడెలకు విత్తులు తీసినా రక్తం ఆగేది కాదు. స్వీట్ క్లోవర్ అనే గడ్డి బూజు పట్టినప్పుడు దాన్ని తిన్న పశువులకే ఇలా జరుగుతోందని పశువైద్యులు కనిపెట్టారు. 1933లో ఒక రైతు మంచు తుఫానులో ప్రయాణం చేసి, చనిపోయిన పెయ్యను, పాలడబ్బాలో గడ్డకట్టని రక్తాన్ని, బూజు పట్టిన గడ్డిని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోని కార్ల్ లింక్ ప్రయోగశాలకు తెచ్చాడు. కొన్నేళ్ల శ్రమ తరువాత లింక్ బృందం ఆ గడ్డిలోని డైకూమరాల్ అనే పదార్థాన్ని వేరు చేసింది. దాని వరుసలోనిదే వార్ఫరిన్. 1948లో అది ఎలుకల మందుగా బజారుకు వచ్చింది. 1954లో మనుషులకు మందుగా అనుమతి పొందింది. కె విటమిన్ పనికి అడ్డుపడి ఆ నాలుగు కారకాలు సరిగా తయారు కాకుండా చేయడమే దాని పద్ధతి.

ఒక్క విషయం గమనించండి. ఈ మందు కనపడిందే కోత వల్ల. అంతవరకు ఆరోగ్యంగా కనిపించిన పశువు కొమ్ము కోయగానే చనిపోయింది. కోత పెట్టేవారికి ఆ పశువు ఏమి తిన్నదో తెలియదు. నేటికీ శస్త్రవైద్యుడి ముందున్న మొదటి ప్రశ్న అదే: ఈ రోగి ఏ మందు తింటున్నాడు?

మన దేశంలో వార్ఫరిన్‌తోపాటు అదే కుటుంబానికి చెందిన అసినోకూమరాల్ కూడా ఎక్కువగా వాడతారు. చిన్నతనంలో కీళ్లవాత జ్వరం వచ్చి గుండె కవాటాలు చెడిపోయినవారు మన దేశంలో చాలామంది. తిరువనంతపురంలోని శ్రీ చిత్రా తిరునాళ్ సంస్థ తయారుచేసిన కృత్రిమ కవాటాన్ని 1990లో తొలిసారి ఒక రోగికి అమర్చారు. ఇటువంటి లోహపు కవాటం పెట్టించుకున్నవారు జీవితాంతం ఈ మందులు వాడాలి.

2010 తరువాత డాబిగాట్రాన్, రివరాక్సబాన్, ఎపిక్సబాన్ అనే కొత్త మందులు వాడుకలోకి వచ్చాయి. ఇవి కె విటమిన్ జోలికి పోకుండా ఒక్కొక్క కారకాన్ని నేరుగా ఆపుతాయి. లోహపు కవాటం ఉన్నవారికి మాత్రం ఇవి పనికిరావు.

ఇవన్నీ కారకాల మీద పనిచేసేవి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటివి రక్తఫలకికల మీద పనిచేస్తాయి. ఆస్పిరిన్ తగిలిన రక్తఫలకిక తన జీవితకాలమంతా, అంటే 7 నుంచి 10 రోజులు, ఆ పనికి దూరమవుతుంది. కొత్త ఫలకికలు పుట్టి పాతవాటి స్థానంలోకి రావలసిందే.

శస్త్రచికిత్స వేళ రెండు ప్రమాదాలు

మందు ప్రభావం ఉండగా కోత పెడితే రక్తస్రావం ఎక్కువ అవుతుంది. చేతి మీద చిన్న గాయమైతే గట్టిగా అదిమి ఆపవచ్చు. మెదడులోను, వెన్నుపాము దగ్గర అలా అదమలేం. అక్కడ కొద్దిపాటి రక్తం చేరినా నరాలు నొక్కుకుపోతాయి. నడుములో సూది గుచ్చి మత్తు ఇచ్చే ముందు మత్తుడాక్టరు ఈ మందుల గురించి గుచ్చి గుచ్చి అడిగేది అందుకే.

మరి మందు ఆపితే? విర్కో చెప్పిన మూడు కారణాలను ఆపరేషన్ బల్లకు అన్వయించి చూడండి. రోగి కదలకుండా పడుకుంటాడు, కాళ్ల సిరల్లో రక్తం నెమ్మదిస్తుంది. కత్తి రక్తనాళాలను తెంపుతుంది. గాయాన్ని మాన్పుకోవడానికి శరీరం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. మూడు కారణాలూ ఒకేసారి కూడతాయి. అంటే గడ్డకట్టే ప్రమాదం పెరిగే వేళకే మనం రక్షణ తీసివేస్తున్నాం. కాళ్లలో ఏర్పడిన గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం పోవచ్చు. ఎన్నడూ ఈ మందులు వాడనివారికి కూడా మోకాలి కీలు మార్పిడి చేశాక కొన్నాళ్లు వీటిని ఇవ్వడం, వీలైనంత త్వరగా లేపి నడిపించడం ఇందుకే.

వైద్యుడు వేసుకునే మూడు ప్రశ్నలు

మొదటి ప్రశ్న: ఈ ఆపరేషనులో రక్తం ఎంత పోతుంది? చాలావరకు కంటి శుక్లాల ఆపరేషనుకు, ఒకటి రెండు పళ్లు తీయడానికి వార్ఫరిన్ ఆపనక్కరలేదు. పన్ను తీసిన చోట దూది గట్టిగా కొరికి పట్టడం, కుట్టు వేయడం, రక్తం ఆపే మందుతో పుక్కిలించడం సరిపోతాయి. హెర్నియా మధ్యస్థం. మెదడు, వెన్నెముక, పెద్ద కీళ్ల ఆపరేషన్లు ఎక్కువ ప్రమాదం గలవి.

రెండవ ప్రశ్న: ఈ రోగికి మందు ఆపితే గడ్డకట్టే ప్రమాదం ఎంత? గత మూడు నెలల్లో పక్షవాతం వచ్చినవారు, కాలిలో గడ్డ ఏర్పడినవారు, గుండె ఎడమవైపు మైట్రల్ స్థానంలో లోహపు కవాటం ఉన్నవారు ఎక్కువ ప్రమాదం గలవారు. వీలుంటే ఆపరేషనునే కొన్నాళ్లు వాయిదా వేస్తారు. గుండె రక్తనాళంలో ఈమధ్యనే స్టెంట్ వేయించుకున్నవారి సంగతి కూడా అంతే. వారు రెండు రకాల రక్తఫలకికల మందులు వాడుతుంటారు. తొందరపడి రెండూ మానేస్తే స్టెంట్ మూసుకుపోయి గుండెపోటు రావచ్చు.

మూడవ ప్రశ్న: ఈ మందు ప్రభావం శరీరం నుంచి పోవడానికి ఎంతకాలం పడుతుంది? ఇక్కడే రోజుల లెక్క వస్తుంది.

తాతగారిది వార్ఫరిన్ అనుకుందాం. అది ఆపినా కాలేయం కొత్త కారకాలను తయారుచేసి రక్తంలోకి పంపడానికి వ్యవధి కావాలి. అందుకని సాధారణంగా ఆపరేషనుకు 5 రోజుల ముందు ఆపుతారు. సోమవారం ఆపరేషను అయితే మంగళవారం రాత్రి చివరి బిళ్ల. బుధవారం నుంచి ఆదివారం వరకు బిళ్ల లేదు. ముందు రోజున ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష చేస్తారు. మందు వాడనివారికి ఈ సంఖ్య 1 దగ్గర ఉంటుంది. తాతగారి వంటివారికి మందుతో 2 నుంచి 3 మధ్య ఉంచుతారు. అది 1.5 కన్నా తగ్గితే ఆపరేషనుకు సిద్ధమన్నమాట.

అసినోకూమరాల్ త్వరగా తగ్గుతుంది గనుక 2 లేక 3 రోజులు చాలు. ఎపిక్సబాన్, రివరాక్సబాన్ అయితే హెర్నియా వంటి వాటికి ముందు 1 రోజు, పెద్ద ఆపరేషన్లకు 2 రోజులు మానితే సరిపోతుంది. డాబిగాట్రాన్ మూత్రపిండాల ద్వారా పోతుంది కాబట్టి, అవి బలహీనంగా ఉన్నవారికి మరికొన్ని రోజులు కావాలి.

చూశారా? అందరూ "రక్తం పలచబడే బిళ్ల" అనే ఒకే పేరుతో పిలిచే మందుల్లో ఒకటి అయిదు రోజులు ఆపాలి, ఇంకొకటి ఒక్క రోజు. ఒకటి అసలు ఆపకూడదు. పక్కింటాయన తన అనుభవంతో చెప్పిన సలహా మన తాతగారికి ఎందుకు పనికిరాదో ఇప్పుడు అర్థమైంది కదా! నేను చెప్పిన ఈ లెక్కలు కూడా విషయం అర్థం కావడానికే. మీ ఇంట్లోవారికి ఎన్ని రోజులన్నది వారిని పరీక్షించిన వైద్యులే చెప్పాలి.

ఒక ప్రయోగం నేర్పిన పాఠం

వార్ఫరిన్ ఆపిన ఆ అయిదు రోజులు రోగికి రక్షణ తగ్గుతుంది కదా, ఆ ఖాళీలో హెపారిన్ ఇంజెక్షన్లు ఇస్తే మంచిది కదా అని మీకు తోచవచ్చు. వైద్యులకూ అలాగే తోచింది. చాలాకాలం అలాగే చేశారు. దీన్ని వంతెన వేయడం అనేవారు. వినడానికి సబబుగానే ఉంది. కాని సబబుగా ఉన్నదల్లా నిజం కానక్కరలేదు.

2015లో బ్రిడ్జ్ అనే అధ్యయనం ఫలితాలు వచ్చాయి. తాతగారి వంటి గుండె జబ్బు ఉండి, వార్ఫరిన్ ఆపవలసి వచ్చిన 1,884 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు హెపారిన్ రకం ఇంజెక్షను, రెండవ గుంపుకు మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షను ఇచ్చారు. గడ్డకట్టడం వల్ల వచ్చే ప్రమాదాలు ఇంజెక్షను ఇచ్చినవారిలో వెయ్యికి 3, ఇవ్వనివారిలో వెయ్యికి 4. అంటే దాదాపు సమానం. తీవ్ర రక్తస్రావం మాత్రం ఇవ్వనివారిలో వెయ్యికి 13 ఉండగా, ఇచ్చినవారిలో 32. వంతెన వల్ల లాభం కనబడలేదు, నష్టం రెట్టింపు దాటింది. నేడు ఇటువంటి రోగుల్లో చాలామందికి ఆ ఇంజెక్షన్లు ఇవ్వడం లేదు. లోహపు మైట్రల్ కవాటం వంటి ఎక్కువ ప్రమాదం గలవారి విషయంలో మాత్రం విడిగా ఆలోచిస్తారు.

కొత్త మందుల మీద 2019లో పాజ్ అనే అధ్యయనం వచ్చింది. సుమారు 3,000 మందికి పైన చెప్పిన లెక్క ప్రకారం మందు ఆపి, మళ్లీ మొదలుపెట్టారు. హెపారిన్ వంతెన వేయలేదు. మూడు మందుల్లో దేనితోనూ తీవ్ర రక్తస్రావం వెయ్యికి 20 దాటలేదు. పక్షవాతం వంటివి వెయ్యికి 6 దాటలేదు.

మళ్లీ మొదలుపెట్టడం

మందు ఆపడం అందరికీ గుర్తుంటుంది. మళ్లీ మొదలుపెట్టడమే మరచిపోతారు. ఆపరేషను బాగా జరిగింది, కుట్లు మానాయి, ఇంటికి వచ్చారు. పాత బిళ్ల బీరువాలోనే ఉండిపోతుంది. "మళ్లీ వేసుకోమని ఎవరూ చెప్పలేదు" అంటారు. ఒకటి రెండు నెలలకు పక్షవాతం వస్తే దాన్ని ఆపరేషనుతో ముడిపెట్టి చూసేవారు కూడా ఉండరు.

రక్తం కారడం ఆగితే వార్ఫరిన్‌ను సాధారణంగా 24 గంటల లోపే మొదలుపెడతారు. దాని పూర్తి ప్రభావం రావడానికి 5 రోజులో ఇంకా ఎక్కువో పడుతుంది కాబట్టి భయం లేదు. కొత్త మందులు మింగిన కొద్ది గంటల్లోనే పనిచేస్తాయి. అందుకని వాటిని చిన్న ఆపరేషను తరువాత 1 రోజు, పెద్దదైతే 2 లేక 3 రోజులు ఆగి మొదలుపెడతారు. నెమ్మదిగా పనిచేసేదాన్ని త్వరగా, త్వరగా పనిచేసేదాన్ని ఆలస్యంగా మొదలుపెట్టడం వింతగా కనిపించినా కారణం ఇదే.

అత్యవసరమైతే?

రోడ్డు ప్రమాదం జరిగితే అయిదు రోజులు ఆగడం కుదరదు. వార్ఫరిన్‌కు విరుగుడుగా కె విటమిన్ ఇస్తారు. అది పనిచేయడానికి కొన్ని గంటలు పడుతుంది కనుక సిద్ధంగా ఉన్న గడ్డకట్టే కారకాలనో, ప్లాస్మానో కూడా ఎక్కిస్తారు. హెపారిన్‌కు విరుగుడు ప్రోటమిన్. డాబిగాట్రాన్‌కు 2015లో ఒక ప్రత్యేక విరుగుడు వచ్చింది. ఏ విరుగుడు కావాలో తెలియాలంటే ఏ మందు వాడుతున్నారో తెలియాలి. స్పృహలో లేని మనిషి ఆ మాట చెప్పలేడు.

మీరు చేయగలిగింది

విద్యార్థులారా, ఈ పాఠం మీకెందుకని అనుకోకండి. మన దేశంలో చాలా ఇళ్లలో మందుబిళ్లల అట్ట మీద ఇంగ్లీషులో రాసిన పేరు చదవగలిగేది చదువుకుంటున్న పిల్లలే. ఆస్పత్రిలో కాగితాలు నింపేదీ మీరే. "ఏమైనా మందులు వాడుతున్నారా?" అని నర్సు అడిగితే, "బీపీకి, షుగరుకి" అని చెప్పి ఊరుకుంటారు పెద్దలు. గుండె బిళ్లలు వేరే డాక్టరు రాసినవి కాబట్టి ఇక్కడ చెప్పనక్కరలేదనుకుంటారు.

కాబట్టి ఈ సాయంత్రం ఒక పని చేయండి. మీ ఇంట్లో పెద్దవారు వాడే మందులన్నిటి పేర్లు, మోతాదు, ఎందుకోసం వాడుతున్నారో ఒక కాగితం మీద రాయండి. కీళ్లనొప్పులకు దుకాణంలో కొని వేసుకునే బిళ్లలను కూడా రాయండి, వాటిలో కొన్ని రక్తస్రావాన్ని పెంచుతాయి. ఆ కాగితం వారి జేబులోనో, సంచిలోనో ఉంచండి. ఆపరేషను అన్నప్పుడు మూడు సంగతులు అడిగి తేదీలతో సహా రాయించుకోండి: చివరి బిళ్ల ఏ రోజు? మళ్లీ మొదటి బిళ్ల ఏ రోజు? ఈ మధ్యలో ఏమైనా అయితే ఎవరికి ఫోను చేయాలి?

మరి మన తాతగారి మాట? ఆయన పక్కింటాయన చెప్పినట్లు ఆ రోజే మానేయలేదు. చెల్లెలు చెప్పినట్లు వేసుకుంటూనే పోలేదు. మనవరాలు మందు అట్ట తీసుకుని ఆయన వెంట ఆస్పత్రికి వెళ్లింది. శస్త్రవైద్యుడు, గుండె డాక్టరు, మత్తుడాక్టరు మాట్లాడుకుని తేదీలు చెప్పారు. ఆమె వాటిని గోడమీద క్యాలెండరులో రాసింది. మందు ఆపే తేదీ కింద ఒక గీత, మళ్లీ మొదలుపెట్టే తేదీ కింద రెండు గీతలు గీసింది.

సెలవు.